వినోదోద్యానములు: సాహస రైడ్లకును కుటుంబ విహారములకును గల సమతౌల్యము

యంత్రచాలితములైన ఊయలలను, చక్రములను, పట్టాలబండ్లను, జలక్రీడాస్థానములను ఒక్క ఆవరణమున కూర్చి, ప్రవేశరుసుము గైకొని ప్రజలకు విహారము కల్పించు స్థలమునకు వినోదోద్యానమని పేరు. అట్టి ఉద్యానము ఏదేని ఒక కథను గాని, కాలమును గాని, దేశమును గాని ఆధారముగ గైకొని, కట్టడములను, బాటలను, సిబ్బంది వేషధారణను సైతము ఆ కల్పనకు ఒదుగునట్లు తీర్చుకొనినచో అది థీమ్ పార్కు అనిపించుకొనును. ఇందలి రైడ్లు స్థూలముగ రెండు తెగలు. రోలర్ కోస్టరు, ఎత్తైన స్తంభము కొననుండి అమాంతముగ జారవిడుచు పీఠము, మనుష్యుని తలక్రిందులు చేయు లోలకము మొదలగునవి ఉత్కంఠ గొలుపు సాహస రైడ్లు. రంగులరాట్నము, టాయ్ ట్రైను, మెల్లగ సాగు పడవ, పసిపిల్లల బుల్లికార్లు మొదలగునవి ఇంటిల్లిపాదియు కలిసి అనుభవింపదగిన సౌమ్యవిహారములు.

ఈ రెండు తెగలను ఏ పాళ్ళలో కూర్చవలెను, దేనిని ఎచ్చట నిలుపవలెను అను ప్రశ్న ఉద్యాననిర్మాతకు మొదటినాడే ఎదురగును. సాహసము కోరి వచ్చు యువకునకు సౌమ్యవిహారము చప్పగ తోచును. మనుమని వ్రేలు పట్టుకొని వచ్చు అమ్మమ్మకు రోలర్ కోస్టరును చూచినంతనే గుండెదడ కలుగును. అయినను వీరిరువురును తఱచుగ ఒకే యింటినుండి బయలుదేరి ఒకే టికెట్టు కిటికీ కడ నిలుచుచున్నారు. కావున సగము అవి, సగము ఇవి అని యంత్రములను లెక్కించినంత మాత్రమున సమతౌల్యము సిద్ధింపదు. ఒక కుటుంబమునందలి ప్రతివ్యక్తికిని, ఇంచుమించు ఒకే వేళయందు, తనవారి కనుచూపుమేరలోనే, తన శక్తికి తగిన సంతోషము లభించునట్లు ఉద్యానమును అమర్చుటయే నిజమైన సమతౌల్యము.

తిరునాళ్ళ రాట్నము

విద్యుచ్ఛక్తి రాకమునుపే మన దేశమున ఈ విహారములు జాతరలయందును తిరునాళ్ళయందును కలవు. కొయ్యగుర్రములను చట్రమునుండి వ్రేలాడగట్టి చుట్టును త్రిప్పు రంగులరాట్నమును, నాలుగు పెట్టెలను నిలువుచక్రమునకు తగిల్చి పైకిని క్రిందికిని త్రిప్పు చిన్నరాట్నమును నేటికిని గ్రామోత్సవములలో కాననగును. వీనికి మోటారు ఉండదు. రాట్నపువాడు తన రెండు చేతులతో పెట్టె అంచును పట్టి క్రిందికి లాగి వదలును. తరువాతి పెట్టె చేతికి అందగానే దానిని మరల లాగును. పిల్లలను ఎక్కించునపుడు చక్రము ఒకవైపు వాలకుండ ఎదురెదురు పెట్టెలలో బరువు సరిచూచి కూర్చుండబెట్టును. పెద్దపిల్లలు ఇంకా జోరుగా త్రిప్పుమని కేకలు వేసినచో వేగము పెంచును. పసివాడు మొగము చిట్లించి ఏడ్పునకు సిద్ధపడినచో అరచేయి అడ్డమిడి నెమ్మదింపజేయును. ఈ విధముగ ఒకే రాట్నము ఒకనికి సాహసమును, వేరొకనికి లాలనయు కాగలుగుచున్నది.

మోటారు వచ్చిన పిమ్మట ఈ సౌలభ్యము పోయినది. యంత్రము ఎక్కినవాని మొగము చూడదు. దాని వేగమును, ఎత్తును, కాలపరిమితియు ముందే నిర్ణయమై యుండును. రాట్నపువాని కన్ను క్షణక్షణమును చేసిన పనిని ఇప్పుడు ఉద్యానముయొక్క నక్షాయు, ద్వారము కడనుండు కొలబద్దయు, రైడ్లను మెట్లుమెట్లుగ పేర్చిన క్రమమును ముందుగనే చేసిపెట్టవలసి యున్నది. వినోదోద్యాన రచనమందలి సూక్ష్మములలో పెక్కు ఈ అవసరమునుండి పుట్టినవే.

పాశ్చాత్య దేశములలో వికాసము

డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగన్ సమీపమునందలి బాకెన్, 1583 నుండి జనులు విహరించుచున్న స్థలమగుటచే, ప్రపంచమున మిక్కిలి ప్రాచీనమైన వినోదస్థానముగ పరిగణింపబడుచున్నది. ఆ నగరమధ్యమునందే 1843లో జార్జ్ కార్‌స్టెన్‌సెన్ నెలకొల్పిన టివొలీ ఉద్యానము పూలమళ్ళతోను, సంగీతమండపములతోను, మూకాభినయ రంగస్థలముతోను ప్రసిద్ధి కెక్కెను. అచ్చట 1914లో నిర్మింపబడిన కొయ్య రోలర్ కోస్టరు, బండియందే ఒక ఉద్యోగి కూర్చుండి చేతితో బ్రేకు వేయుచు నడపునట్టిది, ఇప్పటికిని నడచుచున్నది. పూలతోటలో షికారు చేయు వృద్ధులును, బండిలో కేకలు వేయు బాలురును ఒకే ఆవరణమున ఉండుట అచ్చట నూరేండ్లకు మించిన ఆచారము.

అమెరికాలో 1884లో లా మార్కస్ థామ్సన్ అను నాతడు న్యూయార్కు నగరములోని కోనీ ఐలండు సముద్రతీరమున నెలకొల్పిన రైలు గంటకు సుమారు 6 మైళ్ళ వేగముతో మాత్రమే సాగెడిది. ఆనాటి ప్రజలకు అదియే మహాసాహసము. 1893లో చికాగో మహాప్రదర్శనమున జార్జ్ ఫెర్రిస్ నిలిపిన జెయింట్ వీల్ 264 అడుగుల ఎత్తున, ఒక్కొక్క పెట్టెలో 60 మంది వంతున 36 పెట్టెలతో, ఒకేమారు 2,160 మందిని మోయగలిగినది. ఎత్తునందు సాహసమును, గమనమందు సౌమ్యతయు గల ఈ చక్రము రెండు తెగలకును చెందుటచేతనే కాబోలు, నేటికిని ఏ ఉద్యానమందైనను తాతలును మనుమలును కలిసి ఎక్కు యంత్రములలో అగ్రస్థానము దానిదే.

లాస్ ఏంజిలస్ నగరములోని గ్రిఫిత్ పార్కున తన కుమార్తెలు రంగులరాట్నమెక్కి తిరుగుచుండ, తాను బల్లపై ఊరక కూర్చుండవలసి వచ్చిన వాల్ట్ డిస్నీకి, తల్లిదండ్రులును బిడ్డలును కలిసి ఆడుకొను చోటు ఒకటి ఉండవలెనను తలంపు కలిగెనని ఆయనయే చెప్పియున్నాడు. ఆ తలంపు 1955 జూలై 17న డిస్నీలాండుగ రూపొందినది. కుటుంబము కొరకు పుట్టిన ఆ ఉద్యానమే 1959లో గొట్టపు ఉక్కుపట్టాలపై నడచు తొలి రోలర్ కోస్టరైన మాటర్‌హార్న్‌ను నెలకొల్పినది. నెదర్లాండ్సులో 1952 నుండి జానపదకథల వనముగ పేరొందిన ఎఫ్టెలింగ్ సైతము 1981లో పైథాన్ అను తలక్రిందులు చేయు కోస్టరును చేర్చుకొనెను. పసివారు యువకులైనపుడు ఉద్యానమును విడనాడకుండవలెనన్నచో వారితోపాటు అదియు కొంత ఎదుగవలెనని ఈ రెండు సంస్థలును గ్రహించినవి.

వేరొకదిక్కున ఎత్తునకు పందెము సాగినది. అమెరికాలోని సీడర్ పాయింట్ ఉద్యానము 1989లో 200 అడుగులను, 2000లో 300 అడుగులను, 2003లో 400 అడుగులను మించిన కోస్టర్లను వరుసగ నిలిపెను. 2005లో న్యూజెర్సీ రాష్ట్రమున 456 అడుగుల కింగ్డా కా వెలసి ఆ పందెమును గెలిచినది. గెలిచి ఇరువది యేండ్లైనను నిండకమునుపే, 2024లో మూతపడి, 2025 ఫిబ్రవరిలో కూల్చివేయబడినది. టివొలీలోని 1914 నాటి కొయ్యబండి మాత్రము నడచుచునే యున్నది. ఎత్తు తెచ్చిన కీర్తి అంతకంటె ఎత్తైనది వచ్చువరకే నిలుచును. కుటుంబమంతయు ఎక్కగల రైడునకు ప్రతితరమందును క్రొత్తవారు పుట్టుకొనివత్తురు.

ఢిల్లీ: లక్ష్మీ నగర్ కడనుండి

యమునానదికి తూర్పుగట్టున, వికాస్ మార్గ్‌ను ఆనుకొని వ్యాపించిన లక్ష్మీ నగర్ ఈ సమస్యను పరిశీలించుటకు తగిన పేట. ఇరుకు సందులు, ఒకదానినొకటి ఒరసికొను అంతస్తుల ఇండ్లు, క్రింద దుకాణములు, పైన చార్టర్డ్ అకౌంటెన్సీ మొదలగు పరీక్షలకు శిక్షణ నిచ్చు కోచింగ్ సెంటర్లు, వానికి వచ్చు విద్యార్థులు తలదాచుకొను పీజీ గదులు ఇచ్చటి సామాన్యదృశ్యములు. దేశము నలుమూలలనుండి వచ్చిన ఇరువది యేండ్ల యువతీయువకులును, దశాబ్దులుగ స్థిరపడిన గృహస్థులును ఒకే మెట్లదారిని వాడుకొను పేట యిది. పరీక్ష ముగిసిన సాయంకాలము విద్యార్థులకు కావలసినది గుండె ఝల్లుమను వేగము. ఆదివారమునాడు గృహస్థునకు కావలసినది ముంగిలి ఎరుగని తన బిడ్డ పరుగెత్తుటకు చోటును, తల్లిదండ్రులు కూర్చుండుటకు నీడయును.

ఈ రెండు కోరికలును తీర్చిన స్థలము ఒకప్పుడు యమున దాటినంతనే ఉండెడిది. 1982లో ఢిల్లీ నగరమున జరిగిన తొమ్మిదవ ఆసియా క్రీడల చిహ్నమైన అప్పూ అను గున్నయేనుగు పేర ప్రగతి మైదానమున ఏర్పడిన అప్పూ ఘర్‌ను 1984 నవంబరు 19న రాజీవ్ గాంధీ ప్రారంభించెను. భారతదేశపు మొట్టమొదటి వినోదోద్యానముగ అది పేరొందినది. లక్ష్మీ నగర్ వాసి ఐటీఓ వంతెన దాటి సిటీబస్సులో కొలది సేపటికే అచ్చటికి చేరగలిగెడివాడు. రోలర్ కోస్టరు, కొలంబస్ ఓడ, జెయింట్ వీల్, డాషింగ్ కార్లు, పసిపిల్లల రైడ్లు అన్నియు ఒకదానికొకటి సమీపమున ఉండుటచే, కొలంబస్ ఎక్కిన అన్నను క్రిందనుండి చెల్లెలు పిలువగలిగెడిది; బల్లపై కూర్చున్న నాయనమ్మ ఇరువురను చూడగలిగెడిది. పిమ్మట ఆయిస్టర్స్ అను జలోద్యానమును దానికి తోడైనది. నేటి యంత్రములతో పోల్చిచూచిన అప్పూ ఘర్ రైడ్లు అల్పములే; అయినను ఒక తరము ఢిల్లీ బాలబాలికలు దానిని మరువలేకున్నారన్నచో అందులకు యంత్రముల గొప్పతనము కాక, ఆ సామీప్యమే కారణము.

అప్పూ ఘర్ 2008 ఫిబ్రవరి 17న మూతపడినది. ఆ స్థలమున సుప్రీం కోర్టు విస్తరణభవనములు వెలసి 2019లో ప్రారంభమైనవి. నగరమధ్యమున పోయిన విహారము నగరపు అంచులకు జరిగినది. రోహిణిలో రిఠాలా మెట్రో స్టేషను ప్రక్కన అడ్వెంచర్ ఐలండును, నోయిడాలో ది గ్రేట్ ఇండియా ప్లేస్ మాలును ఆనుకొని వరల్డ్స్ ఆఫ్ వండరును ఈ శతాబ్దపు తొలిదశకమున ఏర్పడినవి. లక్ష్మీ నగర్ నుండి నోయిడాకు పోగోరువారు యమునా బ్యాంక్ స్టేషనున రైలు మారి సెక్టార్ 18లో దిగవలెను. రోహిణికి పోగోరువారు రాజీవ్ చౌక్, కాశ్మీరీ గేట్ స్టేషన్లలో రైళ్ళు మారి నగరమును ఈ కొననుండి ఆ కొనకు దాటవలెను. యువకుల జట్టునకు ఇది లెక్కలోనిది కాదు. చంకలో పసిబిడ్డ, చేత అన్నపుడబ్బా, ప్రక్కన మోకాళ్ళనొప్పుల తల్లి గల గృహస్థునకు మాత్రము దూరమే మొదటి అడ్డంకి. ఉద్యానము ఇంటికి దూరమగుకొలది సహజముగనే యువకుల పాలు పెరిగి వృద్ధుల పాలు తరుగును. సమతౌల్యమునకు స్థలనిర్ణయము మొదటి మెట్టగుట ఇందువలననే.

వేసవియందు 40 డిగ్రీలు దాటు ఢిల్లీ ఎండ మరియొక నిర్ణాయకము. మే, జూన్ మాసములలో ఇనుపపట్టాల రైడ్లకంటె వేవ్ పూలును, మెల్లగ ప్రవహించు లేజీ రివరును కుటుంబములను ఎక్కువగ ఆకర్షించును. మోకాలిలోతు నీటియందు పసివాడును, దాపున జలపాతపు జారుడుబల్లపై యువకుడును ఆడుకొనుట సాధ్యమగుటచే జలోద్యానము సహజముగనే సమతౌల్యమునకు అనువైనది. చలికాలమున చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియము, 1977లో స్థాపింపబడినది, తన టాయ్ ట్రైనుతో సౌమ్యవిహారము కోరువారిని అలరించుచున్నది. దసరానాళ్ళ రామలీలా మేళాలలో వెలయు ఝూలాలు మాత్రము తిరునాళ్ళ సంప్రదాయమును నగరమున ఇంకను నిలిపియున్నవి.

తెలుగునేలపై

హైదరాబాదులో 1938లో పబ్లిక్ గార్డెన్సులో మొదలై 1946లో నాంపల్లికి మారిన నుమాయిష్, ఏటేట జనవరి 1 నుండి ఫిబ్రవరి 15 వరకు జరుగు ఎగ్జిబిషను, తెలుగువారికి ఈ రెండు తెగల కలయికను నేర్పిన తొలిబడి యనదగును. ఒకమూల మృత్యుకూపమున మోటారుసైకిలు గోడపై పరుగులెత్తుచుండ, వేరొకమూల మైదానమును చుట్టివచ్చు టాయ్ ట్రైనులో పసిపిల్లలు కిటికీనుండి చేతులూపుచుందురు; నడుమ దుకాణములును, మిరపకాయబజ్జీల అంగళ్ళును ఉభయులకును సంధిస్థానములు. విశాఖపట్నమున కైలాసగిరిపై కొండచుట్టు తిరుగు బుల్లిరైలును, రోప్‌వేయును సముద్రదర్శనమునే ప్రధానవినోదముగ చేసికొని, సౌమ్యవిహారమునకు ప్రకృతియే చాలునని నిరూపించుచున్నవి.

1996లో ఏర్పడిన రామోజీ ఫిల్మ్ సిటీలో సినిమా సెట్టులను బస్సునుండి చూచుట ముఖ్యవినోదము. పసిపిల్లల కొరకు ఫండుస్థాన్, భయమును కోరువారికి బొరాసుర గుహ, శరీరశ్రమతో కూడిన క్రీడలకు సాహస్ అను విభాగమును వేరువేరుగ ఏర్పడుటచే అచ్చట ఎవరి శక్తికి తగినది వారు ఎన్నుకొనగలరు. కొచ్చి, బెంగుళూరు నగరముల పిమ్మట వండర్‌లా సంస్థ తన మూడవ ఉద్యానమును 2016 ఏప్రిల్‌లో హైదరాబాదు అవుటర్ రింగ్ రోడ్డు చెంత రావిర్యాలయందు తెఱచినది. అందలి రికాయిల్ కోస్టరు ముందునకు పరుగెత్తి, మెలికలు తిరిగి, ఎదుటి శిఖరమెక్కి, అదే పట్టాలపై వెనుకకు మరలివచ్చును. రాబోవు మలుపు కనబడని ఆ తిరుగుప్రయాణమే యువకులకు పరమోత్కంఠ. అదే ఆవరణమున పిల్లల రైడ్లును, జలక్రీడలును ఉండుటచే, పాఠశాలల బస్సులును, పెండ్లైన క్రొత్తజంటలును, మూడుతరముల కుటుంబములును ఒకేదినమున అచ్చట కాననగును.

ఉత్కంఠయొక్క యంత్రశాస్త్రము

నిలిచియున్న మనుష్యునిపై పనిచేయు భారమును ఒక గురుత్వముగ లెక్కించినచో, సౌమ్యవిహారములలో అది ఇంచుమించు అంతయే ఉండును. రోలర్ కోస్టరు పల్లమున మలుపు తిరుగునపుడు శరీరభారము రెండుమూడింతలును, కొన్నిచోట్ల నాలుగింతలును అగును. గుట్ట దాటునపుడు భారము లేశమైనను లేనట్లు తోచి కడుపులో ఝల్లుమనును. ఈ హెచ్చుతగ్గుల పరిమాణమును మాత్రమే కాక, అవి ఎంతసేపు నిలుచునో, ఎంత హఠాత్తుగ మారునో గణించుటయే కోస్టరు శిల్పి విద్య.

1895లో కోనీ ఐలండులో ఫ్లిప్ ఫ్లాప్ అను కోస్టరు ప్రయాణికులను సంపూర్ణ వృత్తాకారపు ఉచ్చులో తలక్రిందులు చేసెను. వృత్తమునందు ప్రవేశించు క్షణమున భారము ఒక్కపెట్టున పెరుగుటచే ఎక్కినవారికి మెడ నొప్పులు కలిగెడివి. కొలదియేండ్లకే అది మూతపడినది. 1976లో కాలిఫోర్నియాలోని మ్యాజిక్ మౌంటెన్ ఉద్యానమున ష్వార్జ్‌కాఫ్ సంస్థ నిర్మించిన రివల్యూషన్ కోస్టరునకు జర్మను ఇంజనీరు వెర్నర్ స్టెంగెల్ క్రింద వెడల్పై పైన ఇరుకైన కన్నీటిబొట్టు ఆకారపు ఉచ్చును రూపొందించుటతో, వక్రత క్రమక్రమముగ హెచ్చి మెడకు బాధ తప్పినది. అంతకుపూర్వమే, 1919లో, జాన్ మిల్లరు పట్టాలక్రింద సైతము చక్రములు బిగించు పద్ధతిని కనిపెట్టుటచే బండి పైకెగిరిపోవు భయము తొలగినది. స్తంభము కొననుండి పీఠమును జారవిడుచు ఆధునిక రైడ్లలో శాశ్వతాయస్కాంతముల బ్రేకులు విద్యుత్తు నిలిచిపోయినను పనిచేయును.

కావున మేలైన సాహస రైడునందు అపాయపు తలంపే హెచ్చు, అపాయము అత్యల్పము. సౌమ్యవిహారమున సైతము కొంత శాస్త్రము కలదు. గిరగిర తిరుగుటను పసిపిల్లలు సహింపగలిగినంతగ పెద్దలు సహింపలేరు. వయస్సు ముదిరినకొలది పెక్కుమందికి తిరుగుడువలన తల తిరుగును, వికారము పుట్టును. అందుచే పిల్లల రైడు అని పేరుపెట్టినంతనే అది అమ్మమ్మకు తగినదని తలచుట పొరబాటు. తిరుగుడు లేక, మెల్లగ ఒకేదిక్కునకు సాగు పడవయు, రైలును మాత్రమే మూడుతరములకును సమముగ హితములు.

అమరిక

సమతౌల్యసాధనమున మొదటి సూత్రము మెట్లక్రమము. బుల్లిరైలునకును మహాకోస్టరునకును నడుమ ఏమియు లేనిచో, పదియేండ్ల బాలుడు మొదటిదానికి పెద్దవాడు, రెండవదానికి చిన్నవాడు అగును. ఈ మధ్యస్థానమును నింపునది కుటుంబ కోస్టరు. డిస్నీలాండులో 1979లో వెలసిన బిగ్ థండర్ మౌంటెన్, గనిలోని రైలు అను కల్పనతో, తలక్రిందులు చేయక, కేకలు మాత్రము వేయించునట్టిది. అది ఈ జాతికి ప్రసిద్ధోదాహరణము. మన ఉద్యానములలో తఱచు లోపించుచున్నది ఈ మధ్యమశ్రేణియే. ప్రకటనపత్రమునకు పెద్దకోస్టరు బొమ్మ కావలెను, పాఠశాలల యాత్రకు పిల్లలరైడ్లు కావలెను; నడిమివాని కొరకు అడుగువారు లేకుండుటచే అది వెనుకబడును. కాని ధైర్యము పెరుగునది ఆ నడిమిమెట్టుపైననే.

రెండవ సూత్రము సామీప్యము. సాహసమండలమును ఉద్యానపు ఒక కొనను, శిశుమండలమును వేరొక కొనను నిలిపినచో కుటుంబము లోనికి పోగానే రెండుగ చీలిపోవును. పెద్దరైడు చెంతనే ఒక చిన్నరైడును, నీడగల బల్లలును, మంచినీటి కుళాయియు, మరుగుదొడ్డియు ఉన్నచో, ఎక్కనివారికిని ఆ వేళ వ్యర్థము కాదు. పసిబిడ్డతో వచ్చిన తల్లిదండ్రులలో ఒకరు ఎక్కి దిగిన పిమ్మట రెండవవారు తిరిగి క్యూలో నిలువనక్కరలేక ఎక్కగలుగు పద్ధతి పెక్కు విదేశోద్యానములలో అమలునందున్నది. దీనికి ఖర్చు లేదు, సిబ్బందికి శిక్షణ చాలును.

మూడవది నిరీక్షణ. రెండు నిమిషముల రైడు కొరకు రెండుగంటలు ఎండలో నిలుచుట యువకునకు ముచ్చట కావచ్చును గాని, వృద్ధునకు దండనము. క్యూలకు నీడయు, గాలియు, మధ్యమధ్య కూర్చుండుటకు దిమ్మెలును కావలెను. ఆగకుండ సాగు పెట్టెలలో ఎక్కించు సౌమ్యవిహారములు గంటకు వేలమందిని మోయగలవు. అవి ఉన్నచోట పెద్దరైడ్ల క్యూలు సైతము సహజముగనే తేలికపడును.

భద్రత

ప్రతి సాహస రైడు ద్వారమునను ఒక కొలబద్ద నిలిచియుండును. దానిపై గీచిన గీతను తాకవలెనని ఏడేండ్ల బాలుడు మునివేళ్ళపై లేచుటయు, ఉద్యోగి వాని భుజముపై చేయివేసి మడమలు ఆనించి నిలువుమనుటయు, గీత నాలుగు వ్రేళ్ళ మీద మిగులుటయు ప్రతిదినమును జరుగు సన్నివేశములు. వెనుకనుండి తండ్రి ఈ ఒక్కమారునకు పోనిండని బతిమాలును. ఆ గీత బాలుని ధైర్యమును కొలుచునది కాదు. భుజములపై వాలు కవచమును, ఒడిపై బిగియు కడ్డీయు అంతకంటె పొట్టివానిని పట్టి నిలుపజాలవని యంత్రశిల్పి నిర్ణయించిన హద్దు అది. ఆ హద్దు కడ మొగమాటము పనికిరాదు. ఆ బాలునకు చూపుటకు అదే బాటలో వేరొక రైడు ఉన్నచో ఉద్యోగి మాటయు సులభమగును, బాలుని కన్నీరును ఆగును.

అమెరికాలో 1978లో ఏఎస్‌టీఎం సంస్థ ఈ యంత్రముల భద్రతకై ప్రత్యేకసంఘము నేర్పఱచినది. 2015లో ఐఎస్ఓ 17842 అను అంతర్జాతీయ ప్రమాణము వెలువడినది. అయినను ప్రమాణము గ్రంథమునందుండుటకును, ప్రతిదిన ప్రాతఃకాలమున బోల్టు బోల్టును పరీక్షించుటకును అంతరము కలదు. 2025 జనవరిలో నాంపల్లి నుమాయిష్ నందు ఒక రైడు నడుమ ఆగిపోయి ప్రయాణికులు తలక్రిందులుగ వ్రేలాడవలసి వచ్చెను. అదే సంవత్సరము ఏప్రిల్‌లో నైరృతి ఢిల్లీలోని ఒక ఉద్యానమున రోలర్ కోస్టరునుండి పడి ఒక యువతి మరణించినది. ఇట్టి వార్త ఒక్కటి చాలు, ఏండ్లతరబడి కుటుంబములు సౌమ్యవిహారములకు సైతము రాకుండుటకు. సాహస రైడు నిర్వహణమున చూపిన అలక్ష్యము ఆ రైడుతో ఆగక ఉద్యానమంతటి విశ్వాసమును హరించును.

ఆర్థికము

పెద్దకోస్టరు ఒకటి కొనుటకు అగు వ్యయముతో పెక్కు చిన్నరైడ్లు కొనవచ్చును. కాని క్రొత్తవారిని రప్పించు ప్రకటన పెద్దదానివలననే సాగును. యువకులు రైడ్లకొరకు వచ్చి త్వరగ పోవుదురు. కుటుంబములు ఉదయమునుండి సాయంకాలమువరకు ఉండి భోజనమునకును, బొమ్మలకును, ఫోటోలకును వెచ్చింతురు. ఒకరు పేరు తెత్తురు, ఒకరు నిలుకడ తెత్తురు. ఇరువురును ఉన్నగాని సంస్థ నిలువదు.

టికెట్టు పద్ధతియు ఇందులో భాగమే. డిస్నీలాండు తొలినాళ్ళలో రైడ్ల స్థాయినిబట్టి అక్షరములు గల కూపనులు అమ్మెడిది. 1959లో చేరిన 'ఈ' కూపను మిక్కిలి ఉత్కంఠ గల రైడ్లకు చెల్లెడిది. 1982లో ఆ పద్ధతి తొలగి ఒకే రుసుము వచ్చినది. నేడు మన ఉద్యానములలోను ఒకే రుసుము సామాన్యము. దానివలన సౌకర్యము హెచ్చినను, ఏ పెద్దరైడును ఎక్కని అమ్మమ్మ సైతము కోస్టరు వెల చెల్లించుచున్నది. వృద్ధులకు రాయితీ నిచ్చుట దయ కాదు, న్యాయము. పన్నులును ఈ రంగమును బాధించినవి: 2017లో జీఎస్టీ వచ్చినపుడు థీమ్ పార్కులపై 28 శాతముగ నున్న పన్ను 2018 జనవరిలో 18 శాతమునకు తగ్గింపబడినది. నలుగురున్న కుటుంబమునకు ఈ తగ్గుదల ఒక పూట భోజనవ్యయమునకు సమీపముగ నుండుటచే, దాని ప్రయోజనము యువకులకంటె గృహస్థులకే అధికము.

భావి కర్తవ్యము

తెలుగునగరములందును ఢిల్లీ పరిసరములందును క్రొత్త ఉద్యానములు వెలయుచున్న ఈ కాలమున, దేశములో మిక్కిలి ఎత్తైనది మాదే యని చెప్పుకొను ఆశ నిర్మాతలకు సహజము. ఆ ఆశ తప్పు కాదు; యౌవనమునకు సాహసము ఆహారము వంటిది, దానిని నిరాకరించు ఉద్యానము ఒక తరమును పోగొట్టుకొనును. కాని తదుపరి శిఖరమును లేవనెత్తుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఎనిమిదేండ్లకును పన్నెండేండ్లకును నడిమివారు ఎక్కదగిన రైడు మనకు కలదా? పెద్దరైడు క్రింద నిలిచి ఎదురుచూచువారికి నీడయు, నీరును, తమ వినోదమును కలవా? బస్సులోనో మెట్రోలోనో వచ్చు వృద్ధులు అలసిపోకమునుపే ద్వారము చేరగలరా?

ఈ మూడింటికిని ఔనని చెప్పగల ఉద్యానము ఎంత చిన్నదైనను నిండైనది. నగరపాలకసంస్థలు సైతము వినోదోద్యానములను కేవలము వాణిజ్యస్థలములుగ చూడక, లక్ష్మీ నగర్ వంటి ముంగిలి లేని పేటలకు ఇంటికి అందునంత దూరమున చిన్నయుద్యానములకు భూమి కేటాయించుట ప్రజారోగ్యకార్యముగనే భావింపవలెను. అప్పూ ఘర్ నాడు సిద్ధించినది యంత్రముల పరిమాణముచే కాదు, అవి ప్రజలకును ఒకదానికొకటికిని దగ్గరగ నుండుటచే. ఆ సామీప్యమును నేటి భద్రతాప్రమాణములతోను, మధ్యమశ్రేణి రైడ్లతోను కూర్చి మరల సాధించుట నేటి నిర్మాతలకు అసాధ్యము కాదు. అది సాధించునంతవరకు ఎత్తునందు పొందిన ఏ ప్రథమస్థానమును ప్రజలకు పరిపూర్ణమైన మేలు కాజాలదు.